సొంత వీధి ఓట్లు

“తిన్నింటి వాసాలు లెక్కబెట్టినోడు ఎవుడ్రా?”

నంద్యాలలో కౌంటింగు ముగిశాక, ఆళ్లగడ్డ ఇంట్లో అడుగుపెడుతూనే మద్దిలేటిరెడ్డి వేసిన కేక అది. ప్రతిపక్షం అభ్యర్థిగా ఓడిపోవడం ఆయనకు కొత్త కాదు. పుట్టి పెరిగిన వీధి బూత్‌లోనే అవతలి పార్టీకి మెజారిటీ రావడం మాత్రం మింగుడుపడలేదు. వెన్నుపోటు పొడిచింది పక్కనున్నవాళ్లేనని తీర్మానించేసుకున్నాడు.

“అమ్మా, కర్పూరం తే! ఈరోజు తేలిపోవాల.”

తల్లి సుబ్బలక్ష్మమ్మ పళ్లెంలో కర్పూరం వెలిగించి తెచ్చింది. నరసింహస్వామి పటం ముందు వీధి కార్యకర్తలు ఒక్కొక్కరే అరచేత్తో మంట ఆర్పి, “ఓటు నీకే గుద్దినాన్నా” అని ప్రమాణం చేశారు. ఆరిపోయినప్పుడల్లా ఆమె మరో బిళ్ల వెలిగించింది.

చివరికి బూత్ ఏజెంటు ప్రభుదాసు మిగిలాడు. అందరి చూపులూ అతని మీదే. అతని భార్య లూదియా డయాలసిస్ కోసం వారానికి రెండుసార్లు బస్సులో నంద్యాలకు పోవాలి. ఆ మిషన్లు ఆళ్లగడ్డలోనే పెట్టిస్తామని అవతలివాళ్లు ఇంటింటికీ తిరిగి చెప్పారు మరి.

“నువ్వేనా?”

“జనం ఒకటే అడిగినారన్నా, మీరు గెలిస్తే ఏం జేస్తారని. ఏం చెప్పాలని నిన్నడిగితే, ‘వాళ్లు దొంగలని చెప్పు, సాలు’ అంటివి. అదే చెప్పినా.”

“నేనడిగేది అది కాదప్పా. నీ ఓటు యాడ గుద్దినావ్?”

ప్రభుదాసు జేబులోంచి చిన్న బైబిలు తీసి, దాని మీద చెయ్యి పెట్టాడు.

“నీకేన్నా. ఇంట్లో మనిషి బస్సులో వాంతులు చేసుకుంటాంటే చూస్తా గూడా నీకే గుద్దినా. ఇన్నేండ్లు నీ ఎనకాల తిరిగితే నన్ను ఇంత మాటంటివి గదా!”

మెడలోని పార్టీ కండువా తీసి కుర్చీ మీద పెట్టి వెళ్లిపోయాడు. ఆపినవాడు లేడు. ఒకరి తర్వాత ఒకరు మిగతావాళ్లూ జారుకున్నారు.

“చూసినావామ్మా? అందరూ కర్పూరం ఆర్పినారు, వాడు ఆర్పలేదు. వాడే నా గొంతు కోసినాడు!” అన్నాడు మద్దిలేటిరెడ్డి.

సుబ్బలక్ష్మమ్మ చేతి పళ్లెంలో కర్పూరం ఇంకా వెలుగుతూనే ఉంది.

“వాడు అబద్ధమాడే మనిషి కాదు నాయనా. ఆ మిషన్లు మనమూ పెడ్తామని ఒక్క మాట చెప్పరా అని నీకు ఎన్నిమార్లు చెప్పినా? నవ్వితివి. ఈ పొద్దు ప్రమాణాలు గూడా మొగోళ్ల చేతనే చేపిస్తివి.”

“అయితే?”

ఆమె పళ్లెం కొడుకు ముందు పెట్టింది.

“వీధిలో ఆడోళ్లనందరినీ పిల్చుకపోయి అవతలోళ్లకు గుద్దిచ్చింది నేనే.”