ఎదురు మండీ

పత్తికొండ మార్కెట్లో టమోటా మండీ నడిపే హర్షవర్ధన్ పొద్దున్నే సెల్‌ఫోన్‌ను తిట్టిపోస్తున్నాడు. క్రికెట్టూ సినిమాలూ రెండు యాప్‌లలో ఏది చవకైతే దాంట్లో చూసేవాడు. ఆ రెండు కంపెనీలూ కలిసిపోయి చందా పెంచేశాయి.

"రెండుంటే ఒకడు కాకుంటే ఇంకొకని కాడికి పోతాంటిమి. ఇప్పుడు యాడికి పోవల్ల? మనల్ని ఒక మాట అడిగినారా దాసన్నా? పైగా ఇదంతా మన మేలుకేనంట, దొంగనాయాళ్లు."

టమోటాల పెట్టె తెచ్చిన రైతు దాసన్న, "నా కాయకు ధర చెప్పప్పా," అన్నాడు.

హర్షవర్ధన్ ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే చెప్పాడు.

ఆ ధర వినగానే దాసన్న పెట్టె భుజానికెత్తుకుని ఎదురు మండీకి బయల్దేరాడు. ఇక్కడ గిట్టకపోతే అక్కడికి మోసుకుపోవడం ఆయనకు ఏళ్లనాటి అలవాటు. నాలుగడుగులు వేశాక గుర్తొచ్చి ఆగాడు.

ఎదురు మండీ షట్టర్ దించి ఉంది. దాని మీద ఇంకా రంగు ఆరని అక్షరాల్లో హర్షవర్ధన్ పేరే ఉంది. దాని కింద, 'రైతుల మేలు కోసం రెండు మండీలూ ఒకటైనాయి' అని రాయించాడు.

దాసన్న వెనక్కి వచ్చి పెట్టె దించాడు.

"నీకు గిట్టకుంటే ఫోన్ ఆపేస్తావు," అన్నాడు. "నా కాయ రేపటికి కుళ్లి నీళ్లు కారుతాదప్పా. తూకం వెయ్యి."