చేపతోక రేకు

"మళ్ళీ చేపతోకేనా? పోయిన నెల కూడా అచ్చం ఇలాంటిదే ఇచ్చావు," అంది ఇర్మా, బొటనవేలంత గాజుసీసాను వెలుతురుకు ఎత్తి చూస్తూ. సీసా అడుగున నీళ్ళలో ఏడు బంగారు రేకులున్నాయి. వాటిలో పెద్దది చేపతోకలా చీలి ఉంది.

"కాటన్‌వుడ్ వాగు బంగారమంతా అలాగే ఉంటుందమ్మా. నచ్చకపోతే పెట్టెయ్," అంది ఒపల్. వాగులో బంగారం కడిగేవాళ్ళకి పళ్ళేలూ పారలూ రబ్బరు బూట్లూ అమ్మే కొట్టు ఆమెది.

ఇర్మా సీసాను సంచిలో వేసుకుని, బ్లాక్‌బెర్రీ జామ్ సీసాలు నాలుగు తీసి బల్ల మీద పెట్టింది. డబ్బు తీస్తే మొగుడికి తెలిసిపోతుందని ఆమె చేసుకున్న ఏర్పాటు అది.

"మొగుడికి దొరకాలని వాగులో బంగారం పాతిపెట్టే ఆడదాన్ని ఈ కొండల్లో నిన్నొక్కదాన్నే చూశాను," అంది ఒపల్.

"నీ మొగుడికి రెండేళ్ళకన్నా ఆయువు లేదంటే నువ్వూ పాతేదానివి."

ఆ ఏడు ఏప్రిల్‌లో మొగుడూ పెళ్ళాం ఇద్దరూ డాక్టరు దగ్గర పరీక్షలకు వెళ్ళారు. డాక్టరు వెర్నన్‌ను ఒక్కడినే లోపల అరగంట కూర్చోబెట్టాడు. బయటికి వచ్చేసరికి అతని మొహంలో కత్తివాటుకు నెత్తురు చుక్క లేదు.

"నా గుండె సంగతే. బాగా నడవకపోతే రెండేళ్ళు కూడా కష్టమట," అన్నాడు.

ఆ వారమే వెర్నన్ షెడ్డులోంచి పాత పళ్ళెం దించి వాగుకు బయల్దేరాడు. ఇర్మా సంతోషించింది. కానీ రెండు శనివారాలు కడిగినా నల్ల ఇసుక తప్ప ఏమీ రాలేదు. "ఇంకొక్క వారం చూస్తా. రాకపోతే పళ్ళెం అమ్మేసి కుర్చీలో కూర్చుంటా," అన్నాడు. ఆ మర్నాడే ఇర్మా ఒపల్ కొట్టు మెట్లెక్కింది.

ఇర్మాకు నడక పడదు. గేటు దగ్గరి ఉత్తరాల పెట్టెకు కూడా కారులోనే వెళ్తుంది. నడవమన్న ముగ్గురు డాక్టర్లతోనూ పోట్లాడింది. అయితే వాగు దాకా కారు పోదు. శుక్రవారం వెర్నన్ పేకాటకు వెళ్ళగానే, ఆమె సీసా పట్టుకుని కాలిబాటన పడేది.

ఎక్కడ పాతాలన్న బెంగ మాత్రం లేదు. ఆ ఊళ్ళో బంగారం కడిగేవాడు తన చోటు పాదిరీకి కూడా చెప్పడు. వెర్నన్ కూడా నలభై ఏళ్ళు పెళ్ళానికి చెప్పలేదు. ఇప్పుడు మాత్రం గురువారం భోజనాల దగ్గర, బంగాళాదుంపల గిన్నె పక్కకు జరిపి మరీ మ్యాపు పరిచేవాడు.

"ఈ శనివారం ఇక్కడ. రెండో ఒంపు, చీలిన బండ పక్కన."

'వయసు మీద పడి నోరు ఆగడం లేదు పాపం,' అనుకునేది ఇర్మా.

మొదటిసారి పాతి వచ్చి, అది అతనికి దొరికాక, ఒపల్‌కు గర్వంగా చెప్పింది. ఒపల్ నెత్తి కొట్టుకుంది.

"బయటి ఒంపులోనా? నీళ్ళు ఉరవడిగా కొట్టే వైపు బంగారం నిలుస్తుందా? కుక్కపిల్లకి కూడా తెలుసు. వెర్నన్‌కి అనుమానం రాలేదూ?"

"ఏం రాలేదు. ఇంటికొచ్చి చిందులేశాడు. దొరకాలే గాని, ఎక్కడ దొరికిందని మగాళ్ళు ఆలోచిస్తారా?"

కానీ వారం వారం అతని వేలు మ్యాపులో పైపైకి పాకుతోంది. జులై నాటికి అయిదో ఒంపు దాటింది.

"అంత పైకి దేనికి వెర్నన్? ఇక్కడే కడుక్కోరాదూ?"

"కింద అయిపోయింది. బంగారం ఎప్పుడూ పైనుంచే కొట్టుకొస్తుంది. అయినా నడవమన్నది డాక్టరేగా."

డాక్టరు పేరెత్తగానే ఇర్మా మ్యాపు మీదికి వంగి ఆ చోటు గుర్తుపెట్టుకునేది. ఒకసారి జారి నడుం లోతు నీళ్ళలో పడింది. ఒకసారి పామును చూసి, పదహారేళ్ళప్పుడు కూడా పరిగెత్తనంత పరిగెత్తింది. బూట్లు అరిగాయి. ప్యాంటు జారిపోతుంటే బెల్టుకు కొత్తగా రెండు కంతలు పెట్టుకుంది. 'ఈయన మీది దిగులుతో చిక్కిపోతున్నాను,' అనుకుంది.

"ఏదీ, ఇన్నాళ్ళూ దొరికిందంతా ఒకసారి చూపించు," అందొకనాడు.

"ఇంట్లో పెట్టుకుంటానా? లాకర్లో ఉంది," అన్నాడు వెర్నన్.

ఆగస్టులో మళ్ళీ పరీక్షలకు వెళ్ళారు. డాక్టరు ఇర్మా కాగితాలు రెండుసార్లు తిరగేసి, "భేషుగ్గా ఉన్నాయి," అన్నాడు.

"నా సంగతి వదిలెయ్యండి. ఈయన గుండె ఎలా ఉంది?"

"గుర్రంలా ఉంది," అన్నాడు డాక్టరు.

ఇర్మా కళ్ళు తుడుచుకుంది. కష్టం వృథా పోలేదు. వెర్నన్‌తో డాక్టరు మరో రెండు నిమిషాలు విడిగా మాట్లాడుతుంటే, ఆమె వెళ్ళి కారులో కూర్చుంది.

తిరిగొచ్చేటప్పుడు వెర్నన్ ఒపల్ కొట్టు ముందు కారాపాడు.

"పార పిడి ఊడింది. కొత్తది తెస్తా. నువ్వు దిగకు, ఎండగా ఉంది."

లోపలికి వెళ్ళి చొక్కా జేబులోంచి గాజుసీసా తీసి బల్ల మీద పెట్టాడు. అడుగున చేపతోక మెరిసింది. ఒపల్ దాన్ని తీసి సొరుగులో, ఎప్పుడూ ఉండే చోటే పెట్టింది.

"ఇంకా ఎన్ని వారాలు వెర్నన్? అలమార నిండా జామే. మా పిల్లి కూడా ముట్టడం మానేసింది."

వెర్నన్ కిటికీ అద్దంలోంచి కారు వైపు చూశాడు.

"డాక్టరు ఇర్మాని ఇంకో మైలు నడిపించమన్నాడు."