నాలుగు గళ్ల బొమ్మ

“ఈ పొద్దు కూడా అదే బొమ్మ, ఖాసిం సాబూ,” అంటూ మహాదేవమ్మ కాగితం అందించింది. “పక్షవాతమొచ్చి నోరు పడిపోయినప్పటినుంచీ ఎడమచేత్తో ఇదే గీస్తాండాడు.”

మంచం మీదినుంచి ఆమె భర్త కంబన్న ఇద్దరినీ చూస్తున్నాడు. పెద్ద యుద్ధం ముగిశాక పటాలంతో జపాను వెళ్లి తెచ్చుకున్న బొమ్మల కథల పుస్తకం పక్కనే ఉంది. అక్షరం రాని అతను దాన్ని చూసే బొమ్మలు నేర్చుకుంటున్నాడు.

“మొదట్లో అన్నీ పిచ్చిగీతలు. పోను పోను మనిషని తెలిసింది.” ఆమె ఎడమనుంచి ఒక్కో గడి మీద వేలు పెట్టింది. “ఎండలో నిలబడినాడు. వాకిట్లోకొచ్చినాడు. మంచం మీద కూర్చున్నాడు. పడుకున్నాడు. ఎండ పడదంటాండాడు పాపం. తలుపు దిక్కు చెయ్యి చూపిస్తే గడియ కూడా వేసినా. మూడు నెలలైంది.”

మసీదులో పిల్లలకు ఉర్దూ చెప్పే ఖాసిం సాబు కళ్లు అలవాటుగా కుడివైపు గడి మీద ఆగాయి. అతను జపాను పుస్తకం తీసి తిరగేశాడు.

“అక్కా, ఈ పుస్తకం మా ఉర్దూ మాదిరే కుడినుంచి పోతాంది, ఈయన బొమ్మ కూడా అట్లే చూడాల. పడుకున్నాడు. లేచి కూర్చున్నాడు. వాకిట్లోకొచ్చినాడు. ఎండలో నిలబడినాడు.”

మహాదేవమ్మ భర్త వైపు తిరిగింది. “బయటికి పోవాలనా?”

కంబన్న మెల్లగా తల ఊపాడు.

ఆమె వెళ్లి గడియ తీసింది.

“ఎండ శానా ఉండాదక్కా,” అన్నాడు ఖాసిం సాబు.

“ఉండనీ,” అంది ఆమె, మంచం తలాపు ఎత్తుతూ. “నువ్వా కొస పట్టు.”