తూము మీద మూడు దెబ్బలు

ఒక చెరువు తూముకు ఎండ్రకాయ కాపలా ఉండేది. బొరియలో ఉంటుంది కాబట్టి దానికి బయట ఎవరున్నారో కనిపించదు. మూడుసార్లు తడితే చాలు, తూము తెరిచేది. చెరువు పుట్టినప్పుడు పెట్టుకున్న గుర్తు అది. తాబేలు, కప్ప, నీటికోడి, అందరిదీ అదే తట్టు.

ఒక పొద్దున చూసేసరికి నీళ్లు సగానికి పడిపోయాయి. చేపపిల్లలు బురదలో కొట్టుకుంటున్నాయి. గట్టు మీద కొంగ తీరిగ్గా ముక్కు తుడుచుకుంటోంది.

"ఎవరు తట్టారు మామా?" అని అడిగింది తాబేలు.

"నువ్వే కావచ్చు," అంది ఎండ్రకాయ. "కప్ప కావచ్చు. నాకు అన్నీ ఒకేలా వినిపిస్తాయి."

ఆ మాటతో ఒకరి మొహం ఒకరు చూడలేకపోయారు.

ఆ రోజే తాబేలు, కప్ప వేరువేరు తట్లు పెట్టుకుని, ఎవరిది వారు ఎండ్రకాయ చెవిలో చెప్పారు. తూముతో పెద్దగా పని లేదని నీటికోడికి కొత్త తట్టు ఇవ్వలేదు. అది అలిగింది.

సాయంత్రం తూము మీద మూడు దెబ్బలు పడ్డాయి. ఎండ్రకాయ కాలు అలవాటుకొద్దీ తూము దాకా వెళ్లి ఆగింది.

"ఆ తట్టు ఇప్పుడు మాలో ఎవరిదీ కాదు," అంది లోపల్నుంచి. "నువ్వెవరు?"

గట్టు మీంచి పెద్ద రెక్కలు లేచిన చప్పుడు అందరికీ వినిపించింది.