పేరుకు కట్టిన ధర

ఆయుధపూజ నాడు మురుగేష్ ఫోనుకు బొట్టు పెట్టినాడు. నగరిలోని ఆ ఇంట్లో పోయినేడు దాకా ఆ బొట్టు రెండు మరమగ్గాలకు పెట్టేవాళ్లు.

కరెంటు బిల్లు కోసం ఏదో ఒకటి అమ్మాల్సొచ్చినప్పుడు, తమ చీరల వెబ్‌సైటు పేరు ఎంత చేస్తుందో నెట్లో ధర కట్టే యంత్రాన్ని అడిగినారు. పన్నెండు లక్షలనింది. అంత విలువైన పేరును మంచి బేరం కోసం దాచుకొని, మగ్గాలను పాత ఇనుము కింద తూకానికి అమ్మేసినారు.

అప్పట్నుంచి పేరును అడిగిన నాథుడు లేడు.

"ఇంకోసారి సూడుమే," అన్నాడు భార్యతో.

ఉదయలక్ష్మి చూసింది. "పద్నాలుగు లక్షలంట. పెరిగింది."

"ఎవురు కొంటారంట?"

"అది చెప్పదు."

అప్పుడే ఫోను మోగింది. తిరుచానూరు నుంచి చీరల అంగడాయన.

"మీ పేరు నెట్లో చూసినానప్పా. మంచి పేరు."

"అమ్ముతాం సార్!" అన్నాడు మురుగేష్ ఆత్రంగా. "మీరే ఒక మాట చెప్పండి."

"పేరు నాకెందుకబ్బా? అమ్మవారి కార్తీక బ్రహ్మోత్సవాలకు చీరలు కావల్ల. ఎన్ని నేసిస్తారు?"

మురుగేష్ మగ్గాల గదికేసి చూసినాడు. మగ్గాల కాళ్లు నిలిచిన చోట నేలలో గుంటలు పడి ఉండాయి. ఉదయలక్ష్మి పొద్దున్నే వాటికి కూడా బొట్లు పెట్టింది.