కాపలా లేని కట్ట

ఒక మాట వర్ణక్రమం సరిచూసుకుందామని అక్క నిఘంటువు తెరిస్తే, నాలుగు మడతల కాగితం ఒళ్లో పడింది.

పన్నెండేళ్ల కిందటిది. అరవై కార్డుల పేర్లు, గుండ్రటి అక్షరాల్లో. అక్షరాలు అక్కవి. కార్డులు చెల్లెలివి.

చెల్లెలి రాత కోడి గెలికినట్టుంటుంది. అందుకని పోటీకి ఇవ్వాల్సిన జాబితా ప్రతిసారీ అక్కే రాసిపెట్టేది. యోధులూ మృగాలూ బొమ్మలుగా ఉండే ఆ ఆట గురించి ఆమెకు తెలిసింది రెండే ముక్కలు. కార్డును అడ్డంగా తిప్పితే అది దాడికి వెళ్లినట్టు. వెళ్లిన కార్డు వెంటనే వెనక్కి వచ్చి ఇల్లు కాయలేదు.

జాబితా అడుగున 'కాపలా' అన్న గడి ఖాళీగా ఉంది. అప్పట్లో అది పొరపాటనుకుని, ప్రూఫ్ రీడర్ అలవాటు కొద్దీ, పక్కన పెన్సిల్‌తో ప్రశ్న వేసింది: కాపలా?

దాని కింద కోడిగీతల్లో జవాబు: వద్దు.

ఆ రోజుల్లో చెల్లెలి కార్డుల కట్ట నాలుగు వంతుల్లో ఆట తేల్చేసేది. గెలిచినా ఓడినా ఆమె తిన్నగా అక్క బల్ల దగ్గరికి వచ్చి, "ఆకలేస్తోంది, ఏదైనా పెట్టు" అని ప్రాణం తీసేది.

తర్వాత చెల్లెలికి పెళ్లయింది. భర్త కూడా ఆ ఆట ఆడేవాడే. ఏడాదికి కొన్ని చొప్పున ఆమె కార్డులు తీసి, వాటి చోట కాపలా కార్డులు పెట్టాడు. నీ మంచికే అన్నాడు. ఆమె నవ్వునూ, ఫోన్‌లో ఉన్న పేర్లనూ, చివరికి ఉద్యోగాన్నీ అదే పద్ధతిలో సవరించాడు.

రాసినవాళ్లను అడక్కుండా వాక్యం దిద్దే మనిషిని అక్క పనిచేసే చోట గుమ్మం ఎక్కనివ్వరు.

ఎనిమిది నెలల కిందట చెల్లెలు ఒక్క పెట్టెతో వచ్చేసింది. కట్టుడు పళ్ల ల్యాబ్‌లో మళ్లీ పనికి చేరింది. పగలంతా ఎవరెవరివో పళ్లు మైనంలో చెక్కుతుంది. ఇంట్లో పెట్టింది తింటుంది. పెట్టమని అడగదు.

"కూర బాగుందా?"

"బాగుందక్కా."

"ఉప్పు వేయడం మరిచిపోయాను."

"ఫర్వాలేదక్కా."

అక్క ఆ కాగితం పట్టుకుని కార్డుల దుకాణానికి వెళ్లింది.

దుకాణదారు కళ్లజోడు నుదుటి మీదికి తోసి చదివాడు. "ఇదెవరు ఆడతారమ్మా ఇప్పుడు? అందరూ కాపలా కార్డులతో గోడలు కట్టుకుని గంటలకు గంటలు కూర్చుంటున్నారు."

"ఈ కార్డులు ఉన్నాయా, లేవా?"

"లేకేం. పాత పెట్టెలో పడున్నాయి. ఆదివారం పాత కార్డులకే పోటీ పెడుతున్నాం. పేరు రాసుకోనా?"

నాలుక చివరిదాకా వచ్చిన పేరును అక్క మింగేసింది.

"అడిగి చెప్తాను."

కొనుక్కొచ్చిన కార్డులన్నీ ఇంట్లో భోజనాల బల్ల మీద పెట్టి, "ఆదివారం పోటీ ఉందట. వెళ్తే వెళ్లు, మానేస్తే మానెయ్" అంది.

రెండు రోజులు కట్ట కదల్లేదు. మూడో రోజు సాయంత్రం పక్క గదిలోంచి కార్డులు కలిపిన చప్పుడు వచ్చింది. అక్క దిద్దుతున్న వాక్యాన్ని నాలుగుసార్లు చదివింది. ఒక్కసారీ అర్థం కాలేదు.

ఆదివారం దుకాణంలో చెల్లెలు జాబితా కాగితం అందించింది. "నువ్వే రాయక్కా."

యాభై ఆరు పేర్లు తడుముకోకుండా చెప్పింది. అక్కడ గొంతు తగ్గింది.

"కాపలా... నాలుగు."

భర్త పెట్టినవాటిలో నాలుగింటి పేర్లు చెబితే అక్క గడిలో రాసింది. పెన్ను మూసి, సంచిలోంచి పెన్సిల్ తీసి, గడి పక్కన ఒక్క మాట వేసింది.

కాపలా?

కాగితం చెల్లెలి వైపు తిప్పింది.

చెల్లెలు దాన్ని చాలాసేపు చూసింది.

"జాబితాలు ఇచ్చేస్తే మొదలుపెట్టేద్దాం" అన్నాడు దుకాణదారు.

చెల్లెలు పెన్సిల్ అందుకుంది. నాలుగు పేర్లూ కొట్టేసింది. పక్కన మరో నాలుగు గెలికింది. అక్క తెచ్చినవాటిలో మిగిలిన ఆ నాలుగు కార్డులూ ఆమె చొక్కా జేబులోనే ఉన్నాయి.

ఎదుటి ఆటగాడు నెరిసిన గడ్డం పెద్దమనిషి. నిదానంగా గోడ కట్టుకుంటున్నాడు. అక్క రెండు భోజనం డబ్బాలు ఒళ్లో పెట్టుకుని దూరంగా గోడ వారన కూర్చుంది.

నాలుగో వంతులో చెల్లెలు కార్డులు తిప్పడం మొదలుపెట్టింది. ఒకటి. రెండు. మూడు. నాలుగు. ఆఖరిదాని మీద చేయి ఆగింది.

అక్క డబ్బా మూతను గట్టిగా పట్టుకుంది.

చేయి కదిలింది. కార్డు అడ్డం తిరిగింది.

"అన్నీ పంపేశారా?" అన్నాడు పెద్దమనిషి.

"అన్నీ."

కాసేపటికి చెల్లెలు వచ్చి కుర్చీ బర్రున లాక్కుంది.

"ఏమైంది?"

"ఓడిపోయా. ఇంకొక్క దెబ్బ పడుంటే పోయేవాడే. పాపం, చెమటలు పట్టేశాయాయనకి." జుట్టు విప్పి మళ్లీ బిగించి కట్టుకుంది. "ఇంకా రెండాటలున్నాయి. ఆకలేస్తోందక్కా. ఏం తెచ్చావ్?"

అక్క రెండు డబ్బాలూ ఆమె వైపే జరిపింది.