ఇద్దరూ చెప్పిన అబద్ధం

"అస్తమానం ఫోనే డాక్టరుగారూ! కళ్ళకింద ఆ నలుపు చూసి, చుట్టుపక్కలవాళ్ళు మేమేదో దీన్ని రాచిరంపాన పెడుతున్నామనుకుంటున్నారు" అంది అత్త, కోడల్ని కుర్చీలో కూర్చోబెడుతూ.

డాక్టరమ్మ కోడలి కింది రెప్ప లాగి చూసింది. "లోపల పాలిపోయింది. రక్తం తక్కువేమో, పరీక్ష చేయిద్దాం. ఆకుకూరలు తింటున్నావా అమ్మా?"

"ఎందుకు తినదూ? దీనికి మిగలాలనే నేను మజ్జిగతో సరిపెట్టుకుని, కూర తినేశానని చెబుతుంటాను!"

కోడలు గిరుక్కున తిరిగింది. "అయ్యో అత్తయ్యా! మీకు ఉంచాలని నేనూ అదే చెబుతున్నాను!"

"మరి పొద్దున్నకి గిన్నె ఖాళీ అవుతోందేమే?"

ఇద్దరి చూపులూ గుమ్మం దగ్గర నిలబడ్డ కొడుకు మీద పడ్డాయి.

"ఎవరూ తినట్లేదు, పాడైపోతుందని..." అని నసిగాడతను.

డాక్టరమ్మ నవ్వాపుకుంటూ అత్త రెప్ప కూడా లాగి చూసింది. "మీదీ అంతే. పరీక్ష ఇద్దరికీ."

అత్త కోడలి మొహంలోకి కాసేపు అలాగే చూసింది. చెంగుతో కళ్ళొత్తుకుని, కొడుకు వైపు తిరిగింది.

"ఇవాళ్టినుంచి మేమిద్దరం ముందు కూర్చుంటాం. నువ్వు వడ్డించు."

"కూర మిగిలితేనే నీకు" అంది కోడలు.